మగ్గం గుంటలో తొట్టి

తోలేవాడు లేని బస్సు కాలవ మలుపు దగ్గర ఆగింది. ఎక్కేవాళ్లు లేరు. అయినా ఆగవలసినంతసేపు ఆగి, తలుపు మూసుకుని కదిలింది. ముందు సీట్లో కూర్చున్న పక్కూరి ముసలాయన వెనక్కి తిరిగాడు.

"నీళ్లేమన్నాయి, భావన్నారాయణా?"

వెనకటి రోజుల్లో అన్నం తిన్నావా అని అడిగేవాళ్లు. ఇప్పుడు ఇదే పలకరింపు. ఒంట్లో ఏముందో చెప్పేది డాక్టరు కాదు, నీళ్లు. పొద్దున లేచి ఎరుకతొట్టిలో కాసేపు కూర్చుంటే, ఎక్కడ నలతగా ఉందో ఆ నీళ్లే వెతికి పట్టుకుంటాయి. అక్కడే కాపడం పెడతాయి, అక్కడే పిసుకుతాయి. ఊళ్లో డాక్టరు గది మూతపడి చాలాకాలమైంది. రోగుల్ని పడుకోబెట్టిన బల్ల మీద ఇప్పుడు ఎవరో కోడిగుడ్లు పెట్టి అమ్ముతున్నారు.

"మాకింకా తొట్టి లేదు బావా. అది చూడ్డానికే పోతున్నాం."

"ఇంకా లేదా. మీ ఊళ్లో గేదెలు కూడా తొట్టి దిగి వస్తున్నాయంటున్నారే."

"గేదెలకు తీరిక ఎక్కువ."

బస్సులో నలుగురూ నవ్వారు. భావన్నారాయణ కూడా నవ్వి, కుడి మోకాలి మీద అరచెయ్యి వేసుకుని మెల్లగా రాసుకున్నాడు. పక్కన కిటికీ వైపు కూర్చున్న అతని భార్య నాంచారమ్మ నవ్వలేదు. ఆమెకు ఇందాకటి నుంచి వెల్లుల్లి వాసన తగులుతోంది.

"వెల్లుల్లి వాసన వస్తోంది," అంది.

"రాత్రి పులుసులోది."

రాత్రి తిన్నది పెసరకట్టు. పోపులో రెండు రెబ్బలు వేసింది గానీ, తెల్లారేదాకా నిలిచే వాసన కాదు అది. ఆమె కిటికీ వైపు తిరిగింది. బయట ఉప్పుమళ్ల మీద ఎండ అప్పుడే తెల్లగా మండుతోంది.

ఆ ఇంట్లో ఒకప్పుడు రెండు మగ్గాలుండేవి. రెండూ గుంట మగ్గాలే. నేలలో నడుం లోతు గుంట తవ్వి, గుంట ఒడ్డున కూర్చుని, కాళ్లు లోపలికి దించి తొక్కుడు చెక్కలు తొక్కుతూ నేస్తారు. ఒక వర్షాకాలం గుంటలోంచి పైకి లేస్తూ భావన్నారాయణ జారిపడ్డాడు. కుడి మోకాలు బూరెలా వాచింది. మోకాలు లేకపోతే తొక్కుడు లేదు, తొక్కుడు లేకపోతే నేత లేదు. అతని మగ్గం విప్పేసి గుంట పూడ్చారు. అప్పటినుంచి అతను కుర్చీలో కూర్చుని కండెలకు నూలు చుట్టేవాడు. ఇద్దరి బట్టా నాంచారమ్మే నేసేది. సాయంత్రం మగ్గం దిగి, వంట చేసి, ఆముదం వెచ్చబెట్టి అతని మోకాలు రెండు చేతులా పట్టి పిసికేది. ఆ తర్వాత ఉప్పు మూటతో కాపడం. పెళ్లిళ్లకు వెళ్లినా ఆ పూటకి ఇంటికి వచ్చేసేది.

పంచాయతీ ఉమ్మడి తొట్టి పెట్టినప్పుడు అతను అందులో దిగలేదు. "పదిమంది మునిగిన నీళ్లలో నేను దిగను," అన్నాడు. శుభ్రం మనిషి, పోనీలే అనుకుందామె. అందుకే ఇంటికే ఒకటి తెచ్చుకుందామని పట్టుబట్టింది. అతను చాన్నాళ్లు వద్దన్నాడు, తర్వాత ఊరుకున్నాడు. పోయినవారం కొలతలకు వచ్చినవాళ్లు ఇల్లంతా తిరిగి, తొట్టి దించడానికి అనువైన చోటు ఒక్కటే ఉందన్నారు. అది నాంచారమ్మ మగ్గం గుంట. తవ్వే పని కూడా తప్పుతుందని సంతోషించారు.

మగ్గం మీద పడుగు సగంలో ఉంది. సగంలో పడుగు కోస్తే ఆ ఇంట్లో మాట తెగుతుందంటారు నేతవాళ్లు. నాంచారమ్మ ఒకరోజంతా దాని ఎదురుగా కూర్చుంది. నిన్న కోసింది.

తొట్ల దుకాణం ఒకప్పుడు సినిమాహాలు. నేల ఇంకా వాలుగానే ఉంది. కుర్చీలు ఉండిన చోట మెట్లు మెట్లుగా తొట్లు పరిచారు. రాతిరంగువి, ఆకుపచ్చవి, పిల్లలకు చేప ఆకారంవి. అన్నిటి మీదా సన్నటి ఆవిరి. తెర ఉండిన చోట నీలం గుడ్డ కట్టి, దాని వెనక దిగి చూసే తొట్టి పెట్టారు.

దుకాణం ఇందుమతిది. నలభై దాటిన మనిషి. జుట్టు ముడేసుకుని, చేతులు మోచేతుల దాకా తడిగా, తనే ఎదురొచ్చింది.

"రండి బాబాయ్. రండి పిన్నీ. మీకోసమే నీళ్లు గోరువెచ్చగా ఉంచాను."

"దిగకుండా కొనుక్కోవడం కుదరదా అమ్మా?" అన్నాడు భావన్నారాయణ. "మాకు మీ మీద నమ్మకమే."

"చెప్పులైనా తొడిగి చూడకుండా కొంటామా బాబాయ్? పైగా ఈ నీళ్లకు మీరు తెలియాలి గదా. ముందు మీ నొప్పి ఎక్కడుందో ఇక్కడ నేర్చుకుంటే, ఆ నేర్పుతోటే మీ ఇంటికి వస్తాయి."

"ఆయనకు సిగ్గులే," అంది నాంచారమ్మ.

"సిగ్గుపడేవాళ్ల నీళ్లు కాసేపు చల్లగా ఉంటాయి, తర్వాత అవే వేడెక్కుతాయి," అంది ఇందుమతి. భావన్నారాయణ నవ్వాడు గానీ నవ్వు పెదవుల దగ్గరే ఆగింది.

దుకాణంవాళ్లిచ్చిన నిక్కరు తొడుక్కుని అతను గుడ్డ వెనక నిలబడ్డాడు. తొట్టికి మూడు మెట్లు. అతను అలవాటుగా ఎడమచెయ్యి పక్కకు చాపాడు. నాంచారమ్మ అలవాటుగా తన భుజం ఆ చేతికిందికి తెచ్చింది. అలా ఆనుకునే అతను నీళ్లలోకి దిగాడు. దగ్గరికి రాగానే ఆమెకు వెల్లుల్లి వాసన మళ్లీ తగిలింది. ఈసారి అది నోట్లోంచి కాదు, కిందినుంచి వస్తోందని తెలిసింది.

"ఇప్పుడు చూడండి పిన్నీ," అంది ఇందుమతి. "ఈ నీళ్లలో మిణుకులుంటాయి. ఆవగింజ పక్కన పెడితే ఆవగింజ గుమ్మడికాయలా ఉంటుంది, అంత చిన్నవి. నరం ఎక్కడ మూలుగుతుందో వాటికి తెలుస్తుంది. చీమలు బెల్లానికి చేరినట్టు చేరతాయి."

నీళ్లలో పసుపు రంగు పొడి లేచినట్టయింది. అది భావన్నారాయణ చుట్టూ నెమ్మదిగా తిరిగింది. నడుం దగ్గర కాస్త ఆగి కదిలిపోయింది. కుడి మోకాలి మీదికి వచ్చి పల్చగా పొరలా పరుచుకుంది.

"అదుగో," అన్నాడు భావన్నారాయణ. గొంతులో తేలికదనం వచ్చింది. "పట్టుకున్నాయి."

పొర కాసేపు నిలిచింది. తర్వాత, తినడానికేమీ లేని చోటికి వచ్చిన చీమల్లా, విడిపోయి చెదిరిపోయింది. మిణుకులు కనిపెట్టిందంతా చూపించే జాడపలక గోడకుంది, ఇందుమతి దానివైపు చూసింది. చేత్తో తుడిచి మళ్లీ చూసింది.

"బాబాయ్, ఈ మోకాలికి ఏమైనా రాశారా?"

అతను మోకాలిని అరచేత్తో కప్పుకున్నాడు.

"పైతోలు మాత్రం కాలినట్టు చూపిస్తోంది. ఈ పూట కాలిందే. కింద ఏమీ లేదు."

"కొంచెం వెల్లుల్లి," అన్నాడతను. "నూరి పెట్టా. నొప్పికి."

నొప్పికి వెల్లుల్లి ఎవరూ పెట్టరు. అది తోలును పొక్కిస్తుంది. బడి ఎగ్గొట్టాలనుకున్న పిల్లలు చంకలో ఉల్లిపాయ పెట్టుకుని ఒళ్లు వేడి చేసుకునే రోజులు నాంచారమ్మకు గుర్తొచ్చాయి. ఆ గుర్తు ఎందుకొచ్చిందో ఆమె ఇంకా పూర్తిగా ఆలోచించలేదు.

"అయితే సంతోషించండి బాబాయ్," అంది ఇందుమతి. "ఎముక శుభ్రంగా ఉంది. చిప్ప అరగలేదు. మీ వయసులో ఇలాంటి మోకాలు నేను చూళ్లేదు. పాత దెబ్బ ఒకటి తగిలిన గుర్తుంది, అది ఏనాడో మానిపోయింది."

"నీళ్లు చెడిపోయి ఉంటాయమ్మా," అంది నాంచారమ్మ.

"చెడవు పిన్నీ."

"చెడిపోయాయి. ఆయన మోకాలు నాకు తెలుసు. రోజూ నా చేతుల్లో ఉండేదే. ఇంకో తొట్టి చూపించు."

ఇందుమతి కాదనలేదు. కొనేవాళ్లకు అనుమానం ఉంచకూడదన్నది ఆమె పద్ధతి. "మీ చెయ్యి ఒకసారి పెట్టండి పిన్నీ. చిన్న నలత ఉన్నా చూపించాలి. చూపించకపోతే నీళ్లదే తప్పు."

నాంచారమ్మ చీర చెంగు దోపుకుని, తొట్టి అంచు మీద వంగి, రెండు చేతులూ నీళ్లలో పెట్టింది.

తొట్టి అంతా చెదిరివున్న పసుపు ఒక్కసారి కదిలింది. భావన్నారాయణ ఒంటిని దాటుకుని, అతని మోకాలి పక్కనుంచే వచ్చింది. ఆమె మణికట్ల చుట్టూ గాజులు తొడిగినట్టు చేరింది. ముందు ఒక వరస, దాని మీద ఇంకో వరస. చివరికి ఆమె మణికట్లు కనిపించలేదు. నీళ్లు ఎవరూ చెప్పకుండానే అక్కడ వేడెక్కి, మెత్తగా పిసకడం మొదలుపెట్టాయి. అలా ఎవరైనా ఆమె చేతులు పట్టుకుని ఎన్నేళ్లయిందో. ఆమెకు కళ్లు మూసుకోవాలనిపించింది. మూసుకోలేదు.

జాడపలక ఎర్రబడింది. ఇందుమతి గొంతు తగ్గించింది.

"ఎన్నాళ్లుగా పిన్నీ ఇది?"

"ఏది?"

"రెండు చేతులకీ బొటనవేలి మొదట్లో నరం అరిగిపోయింది. మీరేం పని చేస్తారు?"

"నేత."

"నేతవాళ్లు చాలామంది వస్తారు మా దగ్గరికి. వాళ్లకు తాడు లాగే చెయ్యి ఒక రకంగా అరుగుతుంది, పలకతో పోగు దగ్గరికి కొట్టే చెయ్యి ఇంకో రకంగా. మీకు రెండూ ఒకేలా ఉన్నాయి. ఇది రెండు చేతులా బలం పెట్టి పిసికే పని. పిండి పిసుకుతారా? ఎక్కడైనా హోటల్లో..." అంటూ ఇందుమతి తల ఎత్తింది. నాంచారమ్మ మొహం చూసింది. తర్వాత తొట్టిలో కూర్చున్న మనిషి మోకాలు చూసింది. మాట మధ్యలోనే ఆపేసింది.

"టీ చెప్పొస్తాను," అని గుడ్డ తొలగించుకుని వెళ్లిపోయింది.

ఇద్దరే మిగిలారు. నాంచారమ్మ చేతులు పైకి తీసింది. మిణుకులు చేతుల వెంటే నీటి పైదాకా వచ్చి, గాలి తగలగానే వెనక్కి జారాయి.

"ఎప్పుడు తగ్గింది?" అంది.

"పడిన మాట నిజమే."

"పడ్డప్పుడు లేపిందాన్ని నేను. ఎప్పుడు తగ్గిందీ అంటున్నా."

అతను నీళ్లలోకి చూశాడు. "ఆ వానలు వెనకబడేసరికి."

"మరి చెప్పలేదేం?"

"అప్పుడే గదా నేతబడి వాళ్లు రెండోసారి వచ్చింది."

ఆమెకు గుర్తే. రాజధానిలో కొత్తగా పెట్టిన నేతబడి నుంచి ఇద్దరు వచ్చారు. యంత్రాలకు కూడా పట్టుబడని అంచు ఒకటి ఆమె చేతిలో ఉందన్నారు. వచ్చి ఉండండి, నేర్పండి, చేతనైనన్నాళ్లు ఉండండి అన్నారు. ఆమె ఆ రాత్రి పెట్టె కిందికి దించి దుమ్ము కూడా దులిపింది. మర్నాడు అతని మోకాలు మళ్లీ వాచింది. పెట్టె పైకెక్కింది.

"నన్ను పిలవలా వాళ్లు," అన్నాడు భావన్నారాయణ. "మొదటిసారి వాళ్లు వచ్చినప్పుడు ఇద్దరం పక్కపక్క గుంటల్లో కూర్చున్నాం. అదే అంచు, అదే నూలు. నీ బట్ట తిప్పి తిప్పి చూశారు. నాది మడిచి పక్కన పెట్టారు. నువ్వు పోతే ఇంక రావనిపించింది."

"అడిగావా నన్ను?"

"అడిగితే పోతానంటావని."

ఆమె తల ఊపింది. ఒప్పుకున్నట్టు కాదు, విన్నట్టు. గుడ్డ అవతల ఎవరో పిల్ల చేప తొట్టి కావాలని గారాలు పోతోంది.

"సరే. అది పాత మాట," అంది నాంచారమ్మ. "నిన్న నేను పడుగు కోస్తుంటే నువ్వు గుమ్మంలో కూర్చుని ఉన్నావు. కత్తెర కనపడకపోతే వెతికి తెచ్చిచ్చింది కూడా నువ్వే."

"తొట్టి వచ్చాక తగ్గిపోయిందని చెబుదామనుకున్నానే. నీళ్లు నయం చేశాయంటే నువ్వు నమ్ముతావు, ఊరూ నమ్ముతుంది. అక్కడితో అయిపోయేది. నీ చేతులకూ తీరిక దొరికేది."

"నా మగ్గం తీసి, ఆ గుంటలో నీ అబద్ధం కడుక్కుందామనుకున్నావు."

గొంతు పెంచలేదు. గుడ్డ అవతలివాళ్లకు వినిపించి ఉండదు. భావన్నారాయణకు మాత్రం తొట్టిలో నీళ్లు వెచ్చగా లేవనిపించింది. మిణుకులు అతని ఒంటి మీద ఎక్కడా ఆగక తిరుగుతూనే ఉన్నాయి.

ఇందుమతి టీ గ్లాసులతో వచ్చింది. మొహంలో ఏమీ తెలియనియ్యకుండా, "రేపు పొద్దున మావాళ్లను పంపమంటారా పిన్నీ? మగ్గం గుంజలు వాళ్లే తీసేస్తారు," అంది.

"మా ఇంట్లో గుంట ఖాళీ లేదమ్మా."

"పోయినవారం మావాళ్లతో ఖాళీ చేస్తామన్నారు గదా."

"ఖాళీ లేదు."

ఇందుమతి గ్లాసు ఆమె చేతికిచ్చింది. నాంచారమ్మ దాన్ని రెండు చేతులతో పట్టుకోవడం చూసింది. చేతుల్లో పట్టు తగ్గినవాళ్లు గ్లాసు జారిపోకుండా అలా పట్టుకుంటారు. "ఎక్కడైనా చిన్నది పెట్టుకోండి పిన్నీ. నేను అమ్ముకోవడానికి చెప్పట్లేదు. మీ చేతులకు కావాలి."

"నా చేతులకు పిసకడం మానుకోవడం కావాలి. దానికి తొట్టి అక్కర్లా."

బయటికి వచ్చాక నాంచారమ్మ తన నడక నడిచింది. ఇన్నేళ్లూ అతనితో సమంగా ఉండడానికి అడుగు కుదించుకుని నడిచేది. ఆ సంగతి ఇప్పుడే తెలిసింది. బస్సు నిలిచే చోటు దాకా వచ్చి వెనక్కి చూసింది. అతను చాలా వెనక ఉన్నాడు. కుంటుతున్నాడు.

అతను దగ్గరికి వచ్చేదాకా ఆగింది. "ఇక్కడ ఎవరు చూడాలని కుంటుతున్నావు?"

"కుంటట్లేదే."

"ఊఁ."

అతను కిందికి, తన కాళ్ల వైపు చూసుకున్నాడు. నాలుగడుగులు వెనక్కి వెళ్లి, మామూలు మనిషిలా రావాలని వచ్చాడు. కుడి పాదం పక్కకు తిరిగింది. నడుం దానివెంట వంగింది. ఆగి, పాదాన్ని చూస్తూ తిన్నగా పెట్టాడు. రెండో అడుగుకు అది మళ్లీ పక్కకు పోయింది. ఇంకోసారి ప్రయత్నించాడు. రోడ్డు పక్కన జామకాయలమ్మే ఆవిడ జాలిగా చూసి, కూర్చోమని తన పీట జరిపింది.

అతని మొహంలోకి భయం వచ్చింది. అది నటన కాదని నాంచారమ్మ గుర్తుపట్టింది. ఇకనుంచి అతనిలో ఏది చూసినా ముందు అది నటనో కాదో చూసుకోవాలన్నది కూడా ఆ నిమిషంలోనే ఆమెకు తెలిసింది.

నొప్పిని పట్టుకోవడం మిణుకులకు వచ్చు. నొప్పి పోయాక కూడా ఒంట్లో ఇల్లు కట్టుకుని ఉండిపోయినదాన్ని పట్టుకునే మిణుకు ఇంకా ఎవరూ చెయ్యలేదు. వెనక్కి వెళ్లి ఇందుమతిని అడిగినా, ఏమీ లేదు బాబాయ్, సంతోషించండి అనే అంటుంది.

బస్సులో ఎవరో లేచి అతనికి చోటిచ్చారు. అతను కూర్చోక తప్పలేదు. నాంచారమ్మ ఇంకో వరసలో కూర్చుంది. ఊరు వచ్చేదాకా చేతులు ఒళ్లో పెట్టుకుని వాటినే చూసుకుంది.

ఇంటికి వచ్చేసరికి పొద్దు వాలుతోంది. మగ్గం గుంజలు ఇంకా నిలబడే ఉన్నాయి. పోగుల్ని విడదీసి ఉంచే అచ్చు పళ్ల మధ్యనుంచి కోసిన పోగుల కొసలు జానెడేసి వేలాడుతున్నాయి. కోస్తున్నప్పుడు కూడా చెయ్యి అలవాటు మానలేదు, అతకడానికి వీలుగా కొసలు వదిలే కోసింది. అవతల దూలానికి చుట్టిన పడుగు అలాగే ఉంది. రెంటినీ పోగు పోగునా కలిపి, వేళ్ల మధ్య మెలిపెట్టి అతకాలి. అచ్చు అతకడం అంటారు. మంచి కళ్లూ నొప్పిలేని వేళ్లూ ఉన్నవాళ్లకే కొన్నిరోజుల పని.

భావన్నారాయణ చెప్పులు విడిచి, వంటింట్లోకి వెళ్లి, ఆముదం గిన్నె తీసుకొచ్చాడు. ఆమె ముందు పెట్టాడు.

"నీ చేతులకు రాస్తానే," అన్నాడు.

ఆమె గిన్నెను గోడవైపు జరిపింది.

"దిగు."

"ఎక్కడికి?"

"గుంటలోకి. అచ్చు అతుకు. అయ్యాక నెయ్యి. ఏ పోగు తర్వాత ఏ పోగో నేను చెబుతా. అంచు దగ్గర తప్పు పోతే విప్పిస్తా."

"ఈ మోకాలితో..."

మాట తనంతట తనే వచ్చేసింది. వచ్చాక విని, అతను నోరు మూసుకున్నాడు. ఇంటి ముందునుంచి ఎవరో పోతూ, "తొట్టి కుదిరిందా అక్కా? నీళ్లేమన్నాయి?" అని కేకేశారు. ఆమె అటు తిరగలేదు.

అతను గుంట ఒడ్డుకు వచ్చాడు. చాలాకాలంగా అతను దిగని లోతు అది. ఎడమచెయ్యి పక్కకు చాపాడు.

నాంచారమ్మ అక్కడే, ఆ చేతికి అందేంత దగ్గర్లోనే కూర్చుని ఉంది. రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని, వేలాడుతున్న పోగుల్ని చూస్తోంది. చెయ్యి కాసేపు గాలిలో ఉంది. తర్వాత కిందికి దిగి, మట్టి ఒడ్డును పట్టుకుంది.

అతను మెల్లగా గుంటలోకి దిగాడు. ఒక కొస పట్టుకుని, దాని జంట పోగు కోసం వెతకడం మొదలుపెట్టాడు.

"అది కాదు," అందామె. "దాని పక్కది."